ఇరవై రెండు చిలకపచ్చ టోపీలు

కొందరు గొడుగులు పోగొట్టుకుంటారు. కొందరు ఇంటి తాళాలు పోగొట్టుకుంటారు. మా పిన్ని ఒకసారి పెళ్లింట్లో కొత్త చెప్పులు పోగొట్టుకుని, ఇప్పటికీ ఆ పెళ్లివాళ్లతో మాట్లాడదు. నేను మాత్రం ఒక డాక్టర్ల సంఘం అధ్యక్షుడి భార్యను పోగొట్టాను. గోల్కొండ కోటలో దారి తెలియక పోగొట్టానంటే ఎవరైనా జాలిపడేవాళ్లు. నేను పోగొట్టింది అమీర్‌పేటలో, సాక్షాత్తూ నేనుండే హాస్టల్ ముందు, హైదరాబాద్ మొత్తం మీద నేను కళ్లు మూసుకుని నడవగలిగిన ఒకే ఒక్క సందు చివర.

ఈ కథ చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉంది. మొదట్లో మీరు నవ్వుతారని నాకు తెలుసు. నవ్వండి, నేనేమీ అనుకోను. చివరికొచ్చేసరికి మీరే నన్ను నాలుగు తిట్టి వెళ్తారు.

అప్పటికి నేను భీమవరం నుంచి వచ్చి అమీర్‌పేటలో కోర్సు మీద కోర్సు చేస్తున్నాను. ఉద్యోగం రాకపోతే ఇంకో కోర్సులో చేరడం, అది అయ్యాక ఉద్యోగం రాకపోవడం, మళ్లీ ఇంకో కోర్సు. నేను చదువుతున్నదేమిటో ఇంట్లో వాళ్లకు చెప్పి చెప్పి, ఆఖరికి నాకే గుర్తుండని స్థితికి వచ్చాక, పంజాగుట్టలో ఖలీల్ భాయ్ దగ్గర పనిలో చేరాను. బట్టల షాపు మీద రెండు గదుల ఆఫీసు. పుట్టినరోజుకు బెలూన్లు కట్టించడం నుంచి కంపెనీల వార్షికోత్సవాల దాకా, ఎవరు ఏ వేడుక చేసుకున్నా మేం వెళ్లి చేసిపెట్టేవాళ్లం. ఖలీల్ భాయ్ మంచి మనిషి. కోపమొస్తే అరవడు. నములుతున్న పాన్ నమలడం ఆపేస్తాడు. అరిచినా బాగుండేదని మనకనిపిస్తుంది.

ఆ ఏడాది పంజాగుట్టలో ఒక పెద్ద హోటల్లో పళ్ల డాక్టర్ల సదస్సు పెట్టారు. ఊరూరి నుంచి డాక్టర్లు, వాళ్ల వెంట భార్యలో, భర్తలో, అత్తగార్లో. సదస్సు పనంతా ఒక పెద్ద కంపెనీకి వెళ్లింది. మాకు దక్కింది అందులో ఒక చిన్న ముక్క. ఇష్టమున్నవాళ్లు వెళ్లొచ్చే ఒకరోజు విహారయాత్ర. పొద్దున గోల్కొండ, మధ్యాహ్నం కుతుబ్‌షాహీ సమాధులు, సాయంత్రం చార్మినార్ దగ్గర గాజులు.

"వాసవీ, గిది చిన్న పని అనుకోకు" అన్నాడు ఖలీల్ భాయ్. "లోపల డాక్టర్లు ఏం మాట్లాడుకున్నా ఎవరికీ యాదుండదు. బయట వాళ్ల ఇంటోళ్లు ఖుష్ అయిన్రా లేదా, గదే యాదుంటది. ప్రెసిడెంట్ సాబ్ సాఫ్‌గ చెప్పిండు. నా భార్య బాగుందంటే వచ్చే సంవత్సరం కాన్ఫరెన్స్ మొత్తం మీకే అన్నడు."

"మేడమ్ సంగతి నాకు వదిలెయ్యండి భాయ్."

"హైదరాబాద్ మంచిగ తెలుసు కదా నీకు?"

"పుట్టి పెరిగినట్టే అనుకోండి."

ఇది శుద్ధ అబద్ధం. అమీర్‌పేటలో ఉండే నాలాంటి వాళ్లకు తెలిసిన హైదరాబాద్ ఇటు యూసుఫ్‌గూడలో స్నేహితురాలి అద్దె గదితో మొదలై, అటు ఎర్రమంజిల్‌తో అయిపోతుంది. గోల్కొండను నేను ఫోన్లో తప్ప చూడలేదు. చార్మినార్‌ను బిస్కెట్ డబ్బా మీద చూశాను. కానీ ఖలీల్ భాయ్ బతుకు ఆ కాంట్రాక్టు మీద ఉంది. రెండు గదుల్లో ఒకటి ఖాళీ చెయ్యాలా వద్దా అని ఆయన అప్పటికే ఆలోచిస్తున్నాడు. అలాంటి మనిషి ముందు నాకేమీ తెలియదని చెప్పడానికి నోరు రాలేదు.

గుంపులో ఎవరూ తప్పిపోకుండా అందరికీ ఒకే రంగు టోపీలు పెట్టాలన్నది ఖలీల్ భాయ్ ఆలోచన. తేవడం నా వంతు. ముందురోజు దాకా మర్చిపోయి, సాయంత్రం మా హాస్టల్ సందులో టోపీల మీద పేర్లు అచ్చువేసే దుకాణానికి పరుగెత్తాను.

"అన్నా, రేపు పొద్దున్నకల్లా ఇరవై రెండు టోపీలు కావాలి."

"రేపటికా? కాదమ్మా. గీ రెడీగున్నయ్ కావాల్నంటే తీస్కపో" అని ఆయన ఒక సంచి ముందుకు తోశాడు. చిలకపచ్చ టోపీలు. చూస్తేనే కళ్లు జిగేలుమన్నాయి.

"వెనకేదో రాసుందేంటి?"

"ఒక ఇన్‌స్టిట్యూట్ ఆర్డర్ల మిగిలినయ్. ముంగట సాఫ్‌గున్నది కదా. ఎనక ఎవరు చూస్తరు?"

వెనక చిన్న అక్షరాల్లో ఒక కోచింగ్ సెంటర్ పేరు, దాని కింద 'ఉద్యోగం గ్యారంటీ' అని ఉంది. ఆ గ్యారంటీతో నాకు సొంత అనుభవం ఉంది గానీ, అది ఇప్పుడెందుకు. నిజమే, టోపీ పెట్టుకున్న మనిషి తన వెనక తాను చూసుకోడు కదా అనుకుని తీసుకున్నాను. పళ్ల డాక్టర్ల భార్యలు వరసగా నడుస్తుంటే ముందున్నవాళ్ల టోపీ మీది రాత వెనకున్నవాళ్లకు కనిపిస్తుందన్న ఆలోచన నాకు రాలేదు. వచ్చినా పట్టించుకునేదాన్ని కాదు.

మర్నాడు పొద్దున బస్సు పంజాగుట్ట హోటల్ ముందుకొచ్చింది. మొదట ఎక్కినవాళ్లు సుభద్ర గారు. ప్రెసిడెంటు గారి భార్య. కాకినాడ మనిషి. పొట్టిగా, నిండుగా, నేత చీర కట్టుకుని, మెడలో సదస్సు వాళ్లిచ్చిన బిళ్ల వేలాడదీసుకుని వచ్చారు. టోపీ ఇస్తే నవ్వుతూ కొప్పు మీదే పెట్టుకున్నారు. డ్రైవరు వెనక మొదటి సీటు ఆవిడకోసం నేను ప్రత్యేకంగా తువ్వాలు వేసి ఉంచాను. ఆవిడ అందులో ఒక్క నిమిషం కూర్చుని, మోకాళ్ల నొప్పులతో ఎక్కిన ఒక డాక్టరమ్మ అత్తగారిని చూసి లేచిపోయారు.

"మీరిక్కడ కూర్చోండి పిన్నిగారూ. నేను వెనక్కెళ్తాను. ఇక్కడ ఎండ కూడా కొడుతోంది."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను దీన్నే తర్వాత నాకు అనుకూలంగా వాడుకున్నాను.

బస్సులో చివరి వరస సంగతి కూడా చెప్పాలి. ఆ సీట్లలో ఉన్నవాళ్లు నిజానికి తోడుగా వచ్చినవాళ్లు కారు, డాక్టర్లే. ఆ పూట లోపల ఉపన్యాసాలు వినాల్సిన మనుషులు. టోపీలు ముక్కు దాకా దించుకుని ఎక్కారు. అందులో ఒకాయన నా దగ్గరికి వంగి, "అమ్మా, మా ముఖాల మీదికి ఫోన్ పెట్టి ఫొటోలు తియ్యకు. అసలు మమ్మల్ని చూడకపోయినా మాకేం అభ్యంతరం లేదు" అన్నాడు. అతిథులు కోరింది చెయ్యడం మా వృత్తి ధర్మం కదా. చివరి వరస వైపు చూడకూడదని ఆ క్షణమే నిర్ణయించుకున్నాను.

బస్సు కదలగానే మైకు పట్టుకున్నాను. రాత్రంతా బట్టీపట్టిన కుతుబ్‌షాహీ రాజుల వరస తడుముకోకుండా చెప్పి, చివర్లో గొంతు కొంచెం పెంచి ఒక హెచ్చరిక చేశాను.

"ఒక్క నియమం మాత్రం అందరూ పాటించాలండీ. ఎక్కడైనా గుంపు నుంచి తప్పిపోతే కంగారుపడి అటూ ఇటూ తిరగొద్దు. ఉన్నచోటే నిలబడండి. కదలొద్దు. నేనే వచ్చి తీసుకెళ్తాను."

సగం మంది ఫోన్లు చూసుకుంటున్నారు. మిగిలినవాళ్లు ఇంట్లో వదిలొచ్చిన పనిమనుషుల గురించి మాట్లాడుకుంటున్నారు. సుభద్ర గారు ఒక్కరే బుద్ధిగా తల ఊపారు.

హోటల్లో చోటు చాలక కొందరికి అమీర్‌పేటలో ఇంకో హోటల్ ఇచ్చారు. వాళ్లను ఎక్కించుకోవడానికి బస్సు గోల్కొండ దారికి ఎదురు దిక్కున అమీర్‌పేట వెళ్లి, మెట్రో పిల్లర్ పక్కన ఆగింది. అక్కడెప్పుడూ ఉండే రద్దీయే. ఇడ్లీ బండ్లు, షేర్ ఆటోలు, సంచులు తగిలించుకుని క్లాసులకు పరుగెత్తే పిల్లలు, వాళ్ల చేతుల్లో కోర్సుల కాగితాలు కుక్కే మనుషులు. రావాల్సినవాళ్లు రాలేదు. వాళ్లను తీసుకురావడానికి నేను దిగబోతుంటే సుభద్ర గారు కూడా నా వెనకే దిగారు.

"అమ్మాయ్, నాకు షుగరు. పొద్దున మాత్ర వేసుకుని ఏమీ తినలేదు. అదిగో ఆ బండి దగ్గర రెండు ఇడ్లీ తిని వచ్చేస్తాను. బస్సు వెళ్లిపోదు కదా?"

"భలేవారే. మీరు లేకుండా బస్సు ఎలా కదులుతుందండీ?"

ఎలా కదులుతుందో చెబుతాను.

నేను హోటల్లోకి వెళ్లి, లిఫ్టు ముందు సెల్ఫీలు తీసుకుంటున్న జంటలను బతిమాలి, టోపీలు పెట్టించి బస్సెక్కించేసరికి, బస్సు వెనక హారన్లు మొదలయ్యాయి. ట్రాఫిక్ పోలీసు బస్సును చేత్తో చరుస్తున్నాడు. "చల్, చల్, బండి తియ్యి" అంటున్నాడు. డ్రైవరు నా వైపు చూస్తున్నాడు. నేను మెట్ల మీద నిలబడి గబగబా లెక్కపెట్టాను. మనుషుల్ని కాదు. టోపీల్ని. చిలకపచ్చ రంగు అంత దూరం నుంచి ఎంత చక్కగా కనిపిస్తుందో మీకు చెప్పలేను. ఇరవై రెండు. ఇంకోసారి లెక్కపెట్టాను. ఇరవై రెండే. మొదటి సీట్లో సుభద్ర గారు లేరు నిజమే, కానీ ఆవిడ వెనక్కెళ్తానని నాతోనే అన్నారు కదా. చివరి వరసలో ఒకరు టోపీ గడ్డం దాకా దించుకుని గుర్రుపెడుతున్నారు. డాక్టరు గారు పాపం అలసిపోయారు అనుకున్నాను. లేపితే బాగుండదు అనుకున్నాను.

"రైట్ రైట్" అన్నాను. ఆ మాట అంత ధీమాగా నా జీవితంలో మళ్లీ ఎప్పుడూ అనలేదు.

మెహదీపట్నం దాటాం. కోట కనిపించగానే అందరూ కిటికీల వైపు వంగారు. నేను కూడా వంగాను, మొదటిసారి చూస్తున్నాను మరి. బస్సు ఆగింది. అందరూ దిగారు. అందరికంటే చివర, డాక్టరు గారు కళ్లు నులుముకుంటూ దిగారు. ఆయన పాదాలకు హవాయి చెప్పులున్నాయి. చంకలో ఒక కాగితాల కట్ట ఉంది. యాభై దాటిన మనిషి. కోట గోడను పైనుంచి కిందికి ఒకసారి చూసి, నా వైపు తిరిగాడు.

"మేడం, పేపర్లు గీడ పంచాలెనా?"

"ఏం పేపర్లండీ?"

"కోర్సు పేపర్లు. గీడ చదువుకునేటోళ్లు ఎవ్వరు కనవడ్తలేరే."

ఆయన నెత్తిమీద చిలకపచ్చ టోపీ. నా నెత్తిమీద చిలకపచ్చ టోపీ. చుట్టూ నిలబడినవాళ్లందరి నెత్తిమీదా చిలకపచ్చ టోపీలే. ఇప్పుడు అందరూ వాటిని తీసి వెనక్కి తిప్పి చదవడం మొదలుపెట్టారు.

"ఉద్యోగం గ్యారంటీ ఏమిటండీ?" అని ఒకావిడ అడుగుతోంది.

నాకు ఆ ప్రశ్న వినపడలేదు. మోకాళ్ల నొప్పుల అత్తగారు అడిగిన ఇంకో ప్రశ్న వినపడింది. "అమ్మాయ్, సుభద్ర ఏది?"

వెంటనే సదస్సు వాళ్లిచ్చిన సుభద్ర గారి నంబరుకు ఫోన్ చేశాను. మోగింది. బస్సులోనే మోగింది. సీట్ల పైన అరలో సుభద్ర గారి సంచి ఉంది. ఫోనూ పర్సూ అందులోనే ఉన్నాయి. పక్కకెళ్లి ఖలీల్ భాయ్‌కి ఫోన్ చేశాను.

"భాయ్, ఒక చిన్న సమస్య."

"ఎంత చిన్నది?"

"ప్రెసిడెంటు గారి భార్యంత."

అటువైపు పాన్ నమలడం ఆగిపోయింది. నేను జరిగింది చెప్పాను.

"ఇంకెవర్నన్న పోగొట్టరాదు నువ్వు?" అన్నాడు చివరికి. "బస్సు నిండ మంది ఉన్నరు కదా. సరే, నేను అమీర్‌పేట పోతున్న. నువ్వు సుత రా."

కోట దగ్గర దొరికిన గైడుకు మా వాళ్లను అప్పగించి, నేనూ ఆ పెద్దమనిషీ ఆటో ఎక్కాం. ఆయన పేరు మల్లయ్య. బోరబండ నుంచి రోజూ వచ్చి అమీర్‌పేటలో కాగితాలు పంచుతాడు. కోపంగా అడుగుదామనుకున్నాను, నోట్లోంచి ఏడుపులా వచ్చింది.

"అసలు మీరు మా బస్సెందుకెక్కారండీ?"

"అందరి నెత్తిన మా టోపీలే ఉండె. మా సారు అప్పుడప్పుడు బస్సుల కాలేజీలకు తోల్కపోతడు, పేపర్లు పంచనీకి. గట్లనే అనుకున్న. లోపల మస్తు సల్లగుండె. కన్నంటుకున్నది."

"మీరు డాక్టరు గారనుకుని లేపలేదు."

"లేపితె దిగిపోతుంటి గద బిడ్డా" అన్నాడు, నన్ను ఓదారుస్తున్నట్టు.

దారి పొడుగునా ఆయన బాధ ఆయనది. తన చోట తాను లేకపోతే సూపర్‌వైజరు రేపటి నుంచి రావద్దంటాడేమోనని. నా బాధ నాది. ఎండ చూస్తున్నాను. షుగరున్న మనిషి. చేతిలో ఫోను లేదు, డబ్బు లేదు. తెలియని ఊరు. ఇంతలో ఖలీల్ భాయ్ ఫోన్ చేశాడు. వెనక ఆటోల మోత.

"వాసవీ, పిల్లర్ కాడ మొత్తం చూసిన. ఇడ్లీ బండి కాడ చూసిన. ఎవరు లేరు. పేపర్లు పంచేటోళ్లు తప్ప ఎవరు... వద్దమ్మా, వద్దు, నాకు కోర్సు వద్దు... ఎవరు లేరు గీడ. నేను మెట్రో టేషన్ల చూస్త."

ఆటో అమీర్‌పేటలో ఆగింది. నేను అటూ ఇటూ పిచ్చిగా చూస్తున్నాను. పోలీసు స్టేషన్ ఎక్కడుందా అని కూడా చూశాను. మల్లయ్య మాత్రం నా భుజం తట్టాడు.

"గా పెద్దమ్మ ఎవరు? నా జాగల నిలబడ్డది."

పిల్లర్ నీడ పక్కకు జరిగిపోయింది. నీడ ఎటు జరిగినా ఆవిడ జరగలేదు. బస్సు ఆగిన చోటే, ఫుట్‌పాత్ రాళ్ల మీదే, ఎండలో నిలబడి ఉన్నారు. కొప్పు మీద చిలకపచ్చ టోపీ. ముఖం కందిపోయి, చీర చెంగుతో మెడ తుడుచుకుంటూ, వచ్చేపోయే పిల్లల చేతికి ఒక్కొక్క కాగితం అందిస్తున్నారు. "తీసుకో నాన్నా, మంచి కోర్సట" అంటున్నారు. పిల్లలు తీసుకుంటున్నారు కూడా.

నన్ను చూసి నవ్వారు. "వచ్చావా? నువ్వొస్తావని నాకు తెలుసమ్మా."

"మేడమ్, మీరు... ఇవేంటండీ?"

"ఇడ్లీ తిని, చెంగున ముడేసుకున్న చిల్లర ఇచ్చి వచ్చేసరికి బస్సు లేదు. నువ్వే చెప్పావు కదా, తప్పిపోతే ఉన్నచోటే నిలబడమని. నిలబడ్డాను. కాసేపటికి ఎవరో అబ్బాయి బండి మీద వచ్చి, ఖాళీగా నిలబడితే జీతమెవరిస్తారమ్మా అని ఈ కట్ట చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. చెప్పబోతే వినలేదు. సరే, ఊరికే నిలబడటం కంటే ఇది మేలు కదా అని." అని మల్లయ్య వైపు చూసి, మిగిలిన నాలుగు కాగితాలూ ఆయన చేతిలో పెట్టారు. "మీవేనా ఇవి? దాదాపు అయిపోయాయి."

మల్లయ్య రెండు చేతులతో తీసుకున్నాడు. "పొద్దుమూకే దాక పంచుతను నేను. నువ్వు ఒక్క పూటల చేసినవమ్మా" అన్నాడు.

"ఎవరైనా ఆటో మాట్లాడుకుని హోటల్‌కి వెళ్లిపోవచ్చు కదండీ. ఇక్కడి నుంచి పంజాగుట్ట ఎంతో దూరం కూడా కాదు."

"నేను అటు వెళ్తే నువ్విటు వచ్చి వెతుక్కుంటావు కదా, పిచ్చిదానా." ఆ తర్వాత కొంచెం సిగ్గుపడుతూ గొంతు తగ్గించారు. "అమ్మాయ్, ఇక్కడ దగ్గర్లో బాత్‌రూమ్ ఎక్కడైనా ఉందా? ఇందాకటి నుంచి వెళ్లాలి. నేనటు వెళ్లినప్పుడు నువ్వు వస్తావేమోనని ఆగాను."

నేను ఇంతవరకూ నవ్విస్తూ చెప్పుకొచ్చాను గానీ, ఇక్కడ నాకు నవ్వు రాదు. ఎదురుగా ఉన్న మా హాస్టల్‌కే తీసుకెళ్లాను. మెట్లెక్కుతుంటే ఆవిడ పాదాలు వాచి చెప్పుల పట్టీలు లోపలికి దిగిపోయి కనిపించాయి. నా గది కిటికీ తెరిస్తే ఆవిడ నిలబడిన చోటు కనిపిస్తుంది. రోజూ ఆ కిటికీలోంచి ఆ కాగితాలు పంచేవాళ్లను చూస్తూ పళ్లు తోముకునేదాన్ని. వాళ్లలో ఒక్కరి ముఖం కూడా నాకు తెలియదు.

నీళ్లు తాగుతూ ఆవిడే అన్నారు. "మీ ఖలీల్ గారు కూడా ఇటొచ్చారమ్మా. కాగితం ఇవ్వబోయాను. ఫోన్లో మాట్లాడుతూ నా ముఖమైనా చూడకుండా వద్దని వెళ్లిపోయారు. నిన్న రాత్రి నాకు పూలగుత్తి ఇచ్చింది ఆయనే అని తర్వాత గుర్తొచ్చింది."

అంతటితో అయిపోతే బాగుండేది. కానీ మా బస్సులో అత్తగారు ఊరుకోలేదు. 'సుభద్ర తప్పిపోయింది, దేవుడా' అని సదస్సు వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. మేం పంజాగుట్ట హోటల్లో అడుగుపెట్టేసరికి లాబీ నిండా పళ్ల డాక్టర్లు. మధ్యలో సూటు వేసుకున్న ప్రెసిడెంటు గారు. పక్కన ఖలీల్ భాయ్, దవడ కదలకుండా.

"ఎక్కడికి పోయావు?" అన్నారు ప్రెసిడెంటు గారు. భార్యను చూసిన సంతోషం కంటే నలుగురిలో పరువు పోయిన కోపమే ఎక్కువగా ఉంది ఆ గొంతులో. "ఎవరు వదిలేశారు నిన్ను? చెప్పు. ఇప్పుడే తేలుస్తాను వీళ్ల సంగతి."

సుభద్ర గారు నన్ను చూశారు. ఖలీల్ భాయ్‌ని చూశారు. ఆయన రెండు చేతులూ ముందుకు కట్టుకుని నిలబడ్డాడు. ఆ చేతులు చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది, ఈ మనిషికి ఇది ఒక్క పని కాదు, మొత్తం బతుకని.

"ఎవరూ వదిలెయ్యలేదండీ. కోట ఎక్కే ఓపిక లేక నేనే దిగిపోయాను. ఈ అమ్మాయికి చెప్పడం మర్చిపోయాను."

"అనుకున్నాను. నీకెప్పుడూ ఇంతే. ఉండమన్న చోట ఒక్క నిమిషం ఉండవు కదా" అన్నారాయన, అందరూ వినేలాగే. ఒకరిద్దరు నవ్వారు. ఆవిడ కూడా నవ్వారు, వాచిన పాదాలను చీర కుచ్చిళ్ల కిందికి లాక్కుంటూ.

అప్పుడు నేను చెయ్యాల్సింది ఒక్కటే పని. నోరు తెరవాలి. తెరిచాను కూడా. ఖలీల్ భాయ్ నా వైపు చూశాడు. బెదిరింపు కాదు, వేడుకోలు. నేను నోరు మూసుకున్నాను. అంతమంది పళ్ల డాక్టర్ల మధ్య నోరు తెరవడం చేతకానిది నేనొక్కదాన్నే.

ఇక చివరి ముచ్చట. మర్నాడు ముగింపు సభ. మన సభల్లో ఎవరు పని ఎంత బాగా చేసినా, ఎంత చెడగొట్టినా, ఆఖర్న శాలువా, జ్ఞాపిక తప్పవు. వరసగా పిలుస్తున్నారు. మైకు ముందు ప్రెసిడెంటు గారు గొంతు సవరించుకున్నారు.

"కొందరు తమ నిర్లక్ష్యంతో ఎక్కడెక్కడికో వెళ్లిపోయినా, ఓర్పుగా వెతికి తీసుకొచ్చి, ఒక్కరిని కూడా తప్పిపోనివ్వకుండా విహారయాత్ర నడిపిన చిరంజీవి వాసవిని వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను. శాలువా కప్పవలసిందిగా నా శ్రీమతిని కోరుతున్నాను."

చప్పట్లు. చివరి వరస డాక్టర్లు మరీ గట్టిగా కొట్టారు. నేనెలా వేదిక ఎక్కానో నాకు గుర్తులేదు. సుభద్ర గారు నా భుజాల మీద శాలువా కప్పి, ఫొటో కోసం సర్దుతున్నట్టు దగ్గరికి లాక్కుని, చెవిలో మెల్లగా అన్నారు.

"ఈసారి తలలు లెక్కపెట్టమ్మా. టోపీలు కాదు."

కాంట్రాక్టు మాకే వచ్చింది. ఖలీల్ భాయ్ రెండో గది ఖాళీ చెయ్యలేదు. ఆ ఫొటో ఆ గదిలోనే గోడకుంది. అందులో అందరూ మేలైన పళ్లతో నవ్వుతుంటారు, నేనొక్కదాన్నే పెదాలు బిగించి ఉంటాను. శాలువా నా బీరువాలో అడుగున ఉంది. ఎంత చలి వేసినా దాన్ని కప్పుకోలేదు. కప్పుకుంటే చెమట పడుతుంది.

ఇవాళ ఆ శాలువా బయటికి తీసి, దాని మీద కుడిచెయ్యి వేసి, పాఠకులందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట రంగును చూసి మనుషుల్ని లెక్కపెట్టను. నిద్రపోతున్నవాళ్లను, వాళ్లు ఎంత పెద్ద డాక్టర్లయినా సరే, లేపి పేరడగకుండా బస్సు కదలనివ్వను. నోరు తెరవాల్సిన చోట మూసుకోను. ఈ ఆఖరిదాన్ని కొంచెం ఆలస్యంగానైనా ఇక్కడే మొదలుపెడుతున్నాను.

ప్రెసిడెంటు గారూ, మీరు ఇది చదువుతున్నారో లేదో తెలియదు. ఆ రోజు మా బస్సులో ఉండమన్న చోట ఉన్న మనిషి ఒక్కరే సార్. ఆవిడకే మీరు అందరిలో చెప్పారు, ఉండమన్న చోట ఉండవని.